రాసిన గెలుపులు, రాయని గెలుపులు

రికార్డు అనే మాట మా గూడేలకు బడికన్నా ముందే వచ్చింది. ఫారెస్టువాళ్లు తెచ్చారు, రెవెన్యూవాళ్లు తెచ్చారు. తాతల నాటి నుంచి చేసుకుంటున్న పోడును చూపిస్తే "రికార్డులో లేదు" అనేవారు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా ఆ మాట పూర్తిగా పోలేదు. అందుకే ఎవరైనా ఫలానా రికార్డు గొప్పదని చెబితే నాకు ముందు వచ్చే ప్రశ్న ఒకటే. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంది? అందులో ఎవరి పేర్లు ఎక్కాయి, ఎవరివి ఎక్కలేదు?

ఈ ప్రశ్న పట్టుకునే నేను అమెరికా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ గురించి చదివాను. కోయ పంతులమ్మకు ఆ ఆటతో ఏం పని అని మీరు అడగవచ్చు. నేను టి.టి.సి. చదివి ఆశ్రమ పాఠశాలలో చిన్న తరగతులకు చెబుతున్నాను. మా పిల్లలకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ బాగా వచ్చు. ఒక ఏడాది బడికి బాస్కెట్‌బాల్ స్తంభం ఒకటి వచ్చింది. ఆట ఎలా ఆడాలో చూపించడానికి మా పీఈటీ సారు ఫోనులో వీడియోలు పెట్టేవారు. వరసగా 111 ఆటలు గెలిచిన ఆడపిల్లల జట్టు ఒకటి ఉందని ఆయన చెబితే, ఐదో తరగతి పిల్ల ఒకతి "మేడం, వాళ్లు అసలు ఓడిపోరా?" అని అడిగింది. ఆ పిల్లకు జవాబు చెప్పాలని వెతికితే తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కాలేజీ ఆట లెక్క తెలియాలి. జట్టుకు ఐదుగురు, 40 నిమిషాల ఆట, 10 అడుగుల ఎత్తులో రింగు. ఒక విద్యార్థిని మామూలుగా నాలుగేళ్లు మాత్రమే ఆడగలదు. చదువు అయిపోగానే వెళ్లిపోతుంది. అంటే నాలుగేళ్లు తిరిగేసరికి జట్టు పేరు అదే ఉంటుంది, మనుషులంతా మారిపోతారు. మా హాస్టల్ లాగే. అందుకే అక్కడ ఏళ్ల తరబడి గెలవడం కష్టం.

ఆ 111 ఆటల జట్టు కనెక్టికట్ విశ్వవిద్యాలయానిది. కోచ్ పేరు జీనో ఆరియెమ్మా. ఇటలీలో పుట్టి, ఏడేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా వలస వచ్చినవాడు. 1985లో ఆయన ఆ జట్టును చేతికి తీసుకున్నప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. మగవాళ్ల కాలేజీ ఆటలో యూసీఎల్‌ఏ జట్టు 1971 నుంచి 1974 వరకు వరసగా 88 ఆటలు గెలిచింది. దాన్ని ఎవరూ దాటలేరని అందరూ అనుకునేవారు. 2010లో కనెక్టికట్ అమ్మాయిలు దాన్ని దాటి 90 దగ్గర ఆగారు. ఆ 90ని ఎవరూ దాటలేరన్నారు. 2014 నవంబరులో స్టాన్‌ఫర్డ్ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడాక మళ్లీ మొదలుపెట్టి, 2017 మార్చి దాకా 111 గెలిచారు. తమ లెక్కను తామే దాటారు.

ఆ 111 ఎలా ఆగిందో పిల్లలకు చెప్పినప్పుడు తరగతి అంతా చప్పట్లు కొట్టింది. 2016లో కనెక్టికట్ చేతిలో మిసిసిపీ స్టేట్ అనే జట్టు 98–38 తేడాతో ఓడింది. 60 పాయింట్లు! ఏడాది తర్వాత, 2017 మార్చి 31న, డల్లస్ నగరంలో సెమీఫైనల్లో అదే జట్టు మళ్లీ ఎదురైంది. ఆట సమానమై అదనపు సమయానికి వెళ్లింది. చివరి క్షణంలో మోర్గాన్ విలియం అనే అమ్మాయి బంతి వేసింది. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. తనకన్నా పొడవైన వాళ్ల మధ్య నుంచి వేసిన ఆ బంతితో 66–64తో గెలిచారు. అయితే ఆ జట్టు ఫైనల్లో ఓడిపోయింది. ఈ ముక్క కూడా నేను పిల్లలకు దాచలేదు. కప్పు రాకపోయినా ఆ ఒక్క బంతిని ఆట ఉన్నన్నాళ్లూ చెప్పుకుంటారు.

ఇక నా ప్రశ్నకు వస్తాను. పుస్తకం ఎవరిది? కాలేజీ ఆటలను నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. అది ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కు జాతీయ పోటీ పెట్టింది 1982లో. అంటే దాని పోటీల పుస్తకంలో ఆడపిల్లల చరిత్ర 1982లో పుట్టినట్టు ఉంటుంది. కానీ దానికి ముప్పై ఏళ్ల ముందే టెక్సస్‌లో ప్లెయిన్‌వ్యూ అనే చిన్న ఊళ్లో వేలాండ్ బాప్టిస్ట్ కాలేజీ అమ్మాయిలు 1953 నుంచి 1958 వరకు వరసగా 131 ఆటలు గెలిచారు. 111 కన్నా 20 ఎక్కువ. క్లాడ్ హచర్సన్ అనే స్థానిక వ్యాపారి వాళ్లను తన చిన్న విమానాల్లో ఆటలకు తీసుకువెళ్లేవాడు. అందుకని ఫ్లయింగ్ క్వీన్స్ అని పేరొచ్చింది. అప్పుడు వాళ్లు ఆడింది వేరే సంఘం కింద, వేరే నియమాలతో. కాబట్టి 111 లెక్క ఒక పుస్తకంలో, 131 లెక్క ఇంకో పుస్తకంలో ఉండిపోయాయి. బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆ జట్టుకు చోటు దొరికింది 2019లో. ఆడిన పిల్లలు అప్పటికి ముసలమ్మలు.

కొన్ని చోట్ల లెక్క రాయకపోవడం కాదు, ఆటనే ఆపేశారు. మిసిసిపీ రాష్ట్రంలోని డెల్టా స్టేట్ కాలేజీలో 1932లో ఆడపిల్లల జట్టును రద్దు చేశారు. ఆడపిల్లల ఒళ్లు ఆ శ్రమకు తట్టుకోదన్నారు. అప్పుడు ఆ జట్టులో ఆడుతున్న మార్గరెట్ వేడ్ బడిపంతులమ్మ అయింది, హైస్కూలు పిల్లలకు ఆట నేర్పింది. 41 ఏళ్ల తర్వాత, 1973లో కాలేజీ మళ్లీ జట్టు పెట్టి ఆమెనే కోచ్‌గా పిలిచింది. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు. 1975, 76, 77 మూడేళ్లూ జాతీయ కప్పు ఆ కాలేజీదే. మధ్యలో వరసగా 51 ఆటలు గెలిచారు.

ఆ జట్టుకు వెన్నెముక లూసియా హారిస్ అనే నల్లజాతి అమ్మాయి. మిసిసిపీ పత్తి చేలల్లో పత్తి ఏరుతూ పెరిగింది. మా పిల్లలు మిరప కోతలకు వెళ్లినట్టే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌ను మొదటిసారి చేర్చినప్పుడు, ఆ చరిత్రలో మొట్టమొదటి బుట్ట వేసింది ఆమే. తర్వాత సొంత ప్రాంతానికి వెళ్లి బళ్లో పాఠాలు చెప్పింది, కోచ్‌గా పనిచేసింది. చాలాకాలం ఆమెను లోకం మరిచిపోయింది. ఆమె మీద తీసిన చిన్న డాక్యుమెంటరీకి 2022లో ఆస్కార్ వచ్చింది. దానికి రెండు నెలల ముందే, జనవరిలో ఆమె చనిపోయింది.

51 గెలుపులను అందరూ లెక్కపెడతారు. మధ్యలో పోయిన 41 ఏళ్లను ఎవరు లెక్కపెట్టాలి? ఆ ఏళ్లలో ఆ కాలేజీలో చదివి, ఆడే వీలులేక వెళ్లిపోయిన పిల్లలు ఎంతమందో. "పెద్దమనిషైన పిల్లకు ఆటలేంటి" అని తొమ్మిదో తరగతిలో మాన్పించిన మా పిల్లల ముఖాలు నాకు గుర్తొచ్చాయి. దేశం వేరు, మాట మాత్రం అదే.

ఇంకో జట్టు గురించి చెప్పకపోతే నా రాత పూర్తికాదు. అది కాలేజీ కాదు, బోర్డింగు బడి. అమెరికా ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకెళ్లి, సొంత భాష మాట్లాడనివ్వకుండా పెంచిన సర్కారు బడులు ఉండేవి. మోంటానాలో ఫోర్ట్ షా అలాంటి బడి. వేర్వేరు తెగల అమ్మాయిలు కలిసి అక్కడ బాస్కెట్‌బాల్ జట్టు అయ్యారు. 1904లో సెయింట్ లూయిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగితే, మిగతా ఆదివాసులతో పాటు వాళ్లను కూడా జనం చూడటానికి అక్కడ ఉంచారు. చూడటానికి వచ్చిన జనం ముందే ఆ పిల్లలు ఎదురొచ్చిన జట్లను ఓడించారు. ఆ ఊరి మేటి ఆటగత్తెలందరినీ ఏరి కూర్చిన జట్టును కూడా ఓడించి, ప్రపంచ విజేతలు అనిపించుకున్నారు. ఆశ్రమ పాఠశాలలో పనిచేసే నాకు ఇది చదివాక చాలాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు. కలెక్టరుగారో మంత్రిగారో వస్తే మా పిల్లలకు కొమ్ములు కట్టించి రేలా ఆడించడం కూడా నాకు తెలుసు. వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుని వెళతారు. అదే పిల్ల లెక్కలో ఫస్టు వచ్చిందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఫోర్ట్ షా తర్వాత నూటతొమ్మిదేళ్లకు, 2013లో, షోనీ షిమ్మెల్, ఆమె చెల్లెలు జూడ్ అనే అమ్మాయిలు లూయీవిల్ కాలేజీకి ఆడారు. ఓరెగాన్‌లోని యుమటిల్లా ఆదివాసీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. ఎదురు జట్టు బేలర్. అంతకుముందు ఏడాది 40 ఆడి 40 గెలిచిన జట్టు. లూయీవిల్ 82–81తో గెలిచింది. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బంతులు 25 వేస్తే 16 పడ్డాయి. తర్వాత ఫైనల్ దాకా వెళ్లి కనెక్టికట్ చేతిలో ఓడిపోయారు. ఆ ఆటలు చూడటానికి ఎక్కడెక్కడి ఆదివాసీ ప్రాంతాల నుంచో కుటుంబాలు బయలుదేరి వచ్చేవట. మన పిల్లలు గెలిస్తే మనమూ అలాగే వెళతాం కదా.

ఇన్ని రికార్డుల్లో నాకు ఎక్కువ విలువైనవి రెండు. రెండింటికీ కప్పులతో పనిలేదు.

మొదటిది టెన్నెసీ విశ్వవిద్యాలయానిది. అక్కడ ప్యాట్ సమిట్ 1974లో 22 ఏళ్ల వయసులో కోచ్ అయింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టు బట్టలు తనే ఉతికేది, వ్యాను తనే నడిపేది. 38 ఏళ్లలో 1,098 ఆటలు, 8 జాతీయ కప్పులు గెలిపించింది. 1982లో మొదలైన జాతీయ పోటీకి ఆ జట్టు ఎంపిక కాని ఏడాది ఆమె కాలంలో ఒక్కటి కూడా లేదు. ఇవన్నీ గొప్పవే. కానీ నేను నా నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్న లెక్క ఇంకొకటి. ఆమె దగ్గర తమ ఆట గడువంతా పూర్తిచేసిన అమ్మాయిల్లో ప్రతి ఒక్కరూ డిగ్రీ పూర్తిచేశారు. నూటికి నూరు. ఏ జట్టయినా దీన్ని దాటలేదు, సమానం మాత్రమే చేయగలదు.

రెండోది మళ్లీ కనెక్టికట్‌దే. 1993 మార్చి నుంచి 2023 ఫిబ్రవరి వరకు, 1,083 ఆటలపాటు, ఆ జట్టు వరసగా రెండు ఆటలు ఓడిపోలేదు. ఓడింది, చాలాసార్లు ఓడింది. కానీ ఓడిన మరుసటి ఆట ప్రతిసారీ గెలిచింది. ముప్పై ఏళ్లలో ఎన్ని బ్యాచీల పిల్లలు వచ్చి వెళ్లి ఉంటారు! ప్రతి బ్యాచీ ఒకే అలవాటు నేర్చుకుంది. ఓటమి తర్వాతి రోజు ఏం చేయాలన్నది. మా పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడ దొరికింది. ఓడిపోతారమ్మా, రెండోసారి ఓడకుండా చూసుకుంటారు.

ఇప్పుడు ఆ ఆట మారింది. 2021 నుంచి ఆడపిల్లలు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి ఏడాది ఆగకుండా మారి ఆడవచ్చు, తమ పేరు మీద డబ్బు కూడా సంపాదించుకోవచ్చు. మంచి ఆటగత్తెలు ఒకచోటే పోగుపడటం తగ్గింది. అందుకే 111, 1,083 ఇక చెరగవని అంటున్నారు. 88 గురించి, 90 గురించి కూడా అలాగే అన్నారని గుర్తుపెట్టుకుంటే చాలు.

మా హాస్టల్లో అసలు ఆట సంక్రాంతి సెలవుల తర్వాత మొదలవుతుంది. ఏరు అవతలి గూడేల్లో మిరప కోతలు ఉంటాయి, కూలి దొరుకుతుంది. కొందరు పిల్లలు తిరిగి రారు. ఒక్క వారం రాని పిల్లను తీసుకురావచ్చు. తల్లి దగ్గర కూర్చుని, "యాయో, ఈ ఒక్క ఏడు చదవనియ్యి" అంటే వింటుంది. రెండో వారం కూడా రాకపోతే పిల్లకే సిగ్గు పడుతుంది, పాఠాలు దాటిపోయాయంటుంది. నెల దాటితే పెళ్లి మాటలు వినబడతాయి. చదువు పోయేది మొదటి వారంలో కాదు, రెండో వారంలో. అందుకే హాజరు పట్టీలో వరసగా రెండు వారాలు "ఆ" పడకుండా చూడటమే మా బడికి 1,083 లాంటి పని. ఈ లెక్క ఏ ఆఫీసూ అడగదు. నేను పట్టీ వెనక పేజీలో ఏడాది వారీగా రాసి పెడుతున్నాను. ఒక ఏడాది అందరూ వచ్చారు. మరుసటి ఏడాది ముగ్గురు తగ్గారు, ఇద్దరిని తీసుకురాగలిగాం.

తోటి పంతుళ్లకు, పంతులమ్మలకు ఒక మాట. మీ బడిలో డివిజన్ ఆటల్లో గెలిచిన కబడ్డీ జట్టు పేర్లు, పది పాసైన మొదటి ఆడపిల్ల పేరు, చదువు ఆగి మళ్లీ వచ్చి పూర్తిచేసిన పిల్ల పేరు తేదీతో సహా రాసి పెట్టండి. మన పుస్తకం మన చేతిలోనే ఉండాలి. ఈ సంచికకు పంపినా సరే, గూడెం పెద్దల దగ్గర ఒక నోటుబుక్కులో ఉంచినా సరే.

జనవరి దగ్గర పడుతోంది. కోతలు మొదలయ్యేలోపు ఏరు అవతల ఉన్న రెండు గూడేలు నేను తిరిగి రావాలి.