తినదగిన క్రొవ్వొత్తి

క్రొవ్వొత్తి అనే మాటను విడదీస్తే క్రొవ్వు, ఒత్తి. ఉత్వసంధి. ఒత్తి అనేది సంస్కృత ‘వర్తి’కి తద్భవం. ఒకప్పుడు ఐరోపా దేశాలలో పశువుల క్రొవ్వును కరిగించి ఒత్తులు పోసేవారు. నేడు అంగడిలో దొరికేది పెట్రోలియం నుండి తీసిన పారఫిన్ మైనం. దానిలో క్రొవ్వు పేరుకే మిగిలింది. తినదగిన క్రొవ్వుతో వెలిగే అసలైన క్రొవ్వొత్తి మన వంటింట్లోనే ఉన్నదని నా మనవి.

ఈ ఆలోచన రావడానికి కారణం మా మనుమడి ఏడవ పుట్టినరోజు. ఉదయం నుండీ ఇంట్లో తల్లీకూతుళ్ళకు మాటలు లేవు. "పుట్టినరోజు పూట దీపం ఊది ఆర్పడమేమిటే?" అని మా ఇల్లాలు. "అందరు పిల్లలూ ఊదుతారమ్మా, వీడొక్కడూ చిన్నబుచ్చుకోవాలా?" అని మా అమ్మాయి. దీపం ఆరిందని నోట కూడా అనకుండా కొండెక్కిందనీ, ఘనమైందనీ చెప్పుకునే ఇంట్లో పెరిగినది మా ఇల్లాలు. పిల్లవాడి ముఖం చిన్నబోతే ఓర్వలేనిది మా అమ్మాయి. ఇద్దరిలో ఎవరిని తప్పు పట్టగలను? ఎవరూ ఊదకుండానే, తనంత తాను కొండెక్కే దీపం కావాలి. ఆపైన దానిని కేకులాగా తినగలగాలి.

అటువంటిది మనకు లేకపోలేదు. శ్రావణ మంగళవారాలలో మంగళగౌరీ నోముకు చేసే చలిమిడి జ్యోతులు అవే కదా! నానిన బియ్యాన్ని నీడన ఆరబెట్టి, చెమ్మ ఉండగానే దంచి జల్లించాలి. రెండు పాళ్ళ పిండికి ఒక పాలు బెల్లం కోరు చాలు. నీరు పోయనక్కరలేదు, ఆ చెమ్మకే బెల్లం కరిగి పిండి ముద్ద కడుతుంది. నిమ్మకాయంత ఉండ చేసి, బొటనవ్రేలితో గుంట నొక్కి, నేయి పోసి, దూదివత్తి వేయాలి. దూది మాత్రం తినేది కాదు, తీసివేయాలి. నేయి ఇంకి, అంచు కాస్త కమిలిన ఆ చలిమిడి రుచి తిన్నవారికే తెలుస్తుంది.

నోములో నాకు అన్నిటికంటె ఇష్టమైనది, కథ సాగుతున్నంతసేపూ నేయి రాసిన అట్లకాడను జ్వాలపై పట్టి కాటుక తీయడం. ఆ కాటుక పూర్తిగా కాలని కర్బనం. జ్వాలకు పసుపుపచ్చని వెలుగునిచ్చేది కూడా కణకణలాడే ఆ నలుసులే. లండన్‌లో 1860-61 క్రిస్మస్ సెలవులలో బాలలకు క్రొవ్వొత్తిని గురించి ఆరు ఉపన్యాసాలిచ్చిన మైకేల్ ఫారడే ఈ విషయం చూపించాడు. చివరి ఉపన్యాసంలో మన శ్వాసను క్రొవ్వొత్తి మంటతో పోల్చాడు. ప్రమిదలో నేయి కాలినా, కడుపులో నేయి అరిగినా, ప్రాణవాయువుతో కలిసి చివరకు మిగిలేవి బొగ్గుపులుసు గాలి, నీరు. లోపలిదానికి జ్వాల ఉండదు, అంతే. జఠరాగ్ని అన్న మన పెద్దల మాటను నేను అలంకారంగానే పాఠం చెప్పాను కాని, అది అలంకారం మాత్రమే కాదు.

అయితే చలిమిడి జ్యోతికి నిదానం ఎక్కువ. ఏడేళ్ళవాడికి అంత ఓపిక ఎక్కడిది? అప్పుడు మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రం చెప్పిన ఒక మిత్రుడు పిల్లలకు చేసి చూపే వినోదం జ్ఞాపకం వచ్చింది. గట్టిగా ఉన్న అరటిపండును అడ్డంగా కోసి ముక్కలను నిలబెట్టాలి. బాదంపప్పును నిలువుగా పుల్లలా చీల్చి, ఒక్కొక్క ముక్క నడినెత్తిన గుచ్చాలి. బాదంలో దాదాపు సగం నూనెయే. అగ్గిపుల్లను కొసకు కొంతసేపు ఆనించి ఉంచితే, ఆ నూనె ఆవిరై అంటుకుంటుంది. ఒత్తీ అదే, చమురూ అదే. నిమిషమో, అంతకు కొంచెం పైనో వెలిగి తానే ముగుస్తుంది. వెలిగించడం పెద్దల పని. బాదం పడని పిల్లలుంటే ఈ వేడుక వద్దు.

పళ్ళెంలో ఏడు ముక్కలు, ఏడు బాదం వత్తులు. పక్కన చలిమిడి జ్యోతి ఒకటి, మా ఇల్లాలి తృప్తి కోసం. పిల్లవాడు ఊదడానికి బుగ్గలు పూరించాడు. "ఊదకు నాన్నా, ఏది ముందు కొండెక్కుతుందో చూడు" అన్నది అమ్మమ్మ. వాడికి అది పందెమైంది. చేతులు వెనక్కు కట్టుకుని, ముఖం పళ్ళెం దాకా వంచబోయి, తల్లి వారిస్తే దూరం జరిగి, ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఏడవది పొగ విడవగానే "కొండెక్కింది!" అని గంతు వేశాడు.

అరటిముక్కలన్నీ వాడివే. బాదం వద్దన్నాడు. మా ఇల్లాలు ఒక పలుకు తీసి, నల్లబడిన కొసను గిల్లి పారవేసి, మిగిలినది కూతురి నోటికి అందించింది.