బురద చూడని బూట్లు

సంగీత కచేరీకి పోతూ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కున్న మనిషిని మొదటిసారి ఎడింబరో ట్రాములోనే చూశాను. అరవై ఏళ్ళుంటాయేమో. వాన సూచన ఎక్కడా లేదు. నా చూపు పసిగట్టి, "ఇవి ఇన్వెరరీ బూట్లండీ" అన్నాడు, అదేదో బిరుదైనట్టు.

అది 2022 ఆగస్టు 26, శుక్రవారం. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి 'కనెక్ట్' ఉత్సవానికి టిక్కెట్టు కొనిపెట్టి, "ఇది కుర్రకారు తిరునాళ్ళు కాదు నాన్నా, వయసొచ్చినవాళ్ళ కోసం పెట్టింది, భయపడకండి" అని పంపాడు. పంపాడే గాని తాను రాలేదు! నిజానికి ఊళ్ళోంచి బయటపడితే చాలుననిపించింది. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెతో, ప్రపంచమంతా చూడవచ్చే ఉత్సవాల నెలలో చెత్తడబ్బాలు పొంగి వీధుల్లోకి వచ్చాయి.

ఇన్వెరరీ సంగతి ఆయన దారిలో చెప్పాడు. పడమటి తీరాన సముద్రం కొండల మధ్యకు పాయగా చొచ్చుకువచ్చిన చోటుంది, లాక్ ఫైన్ అంటారు. దాని ఒడ్డున ఆర్గైల్ డ్యూకుగారి కోట. కుర్రకారుతో కిటకిటలాడే 'టి ఇన్ ది పార్క్' ఉత్సవం నడిపిన సంస్థే, కాస్త నిదానంగా వినేవారికోసమని 2007లో ఆ కోట తోటలో 'కనెక్ట్' పెట్టింది. 2008లో వాన కురిసి తోటంతా బురద. ఈయన బూట్లు ఆ ఏడాదివే. ఆయన భార్య కుడికాలి బూటు మాత్రం ఆ బురదలోనే ఉండిపోయిందట. 2009లో ఉత్సవం జరగలేదు. పద్నాలుగేళ్ళ తరవాత ఇదిగో, ఇప్పుడు మళ్ళీ.

"మరి ఆవిడ రాలేదేం?"

"సరస్సు లేని కనెక్ట్ నాకెందుకు, పాటలు ఇంట్లో వింటాను అన్నది."

ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. కొత్త చోటు ఇంగ్లిస్టన్. విమానాశ్రయం పక్కనే. ఏటా జూన్‌లో రాయల్ హైలాండ్ షో పేరిట పశువుల ప్రదర్శన జరిగే మైదానం. గట్టి రోడ్లు, రేకుల షెడ్లు, నెత్తిమీద దిగే విమానాలు. కొండా లేదు, నీళ్ళూ లేవు. కాని వచ్చినవారిని చూస్తే ముచ్చటేసింది. నెరిసిన గడ్డాలు, మడతకుర్చీలు, పిల్లల చెవులకు పెద్ద పెద్ద డిప్పలు. పక్కవాడి కాలు తొక్కితే వెంటనే క్షమాపణ. అంత రద్దీలో ఆ మర్యాద నేనెక్కడా చూడలేదు.

అసలు కష్టం వేరే ఉన్నది. ఆయన టిక్కెట్టు కొన్నది 'మాసివ్ అటాక్' కోసం. ఆ బృందంలో ఒకరికి తీవ్రమైన జబ్బు చేసి, ఆ వేసవి కచేరీలన్నీ మానుకున్నారు. బదులుగా ఆ రాత్రి పెద్ద వేదిక ఎక్కినవారు 'ఐడిల్స్', వారిదీ బ్రిస్టల్ నగరమే. ఊరొకటేగాని పాట వేరు. వారు మొదలుపెట్టగానే నేను చెవుల్లో దూది కుక్కుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సరస్సూ పోయింది, కోరిన పాటా పోయింది, మిగిలినవి బూట్లే. పాపం, ఇంటికి పోతే ఆవిడ ఏమంటుందోనన్న దిగులు కాబోలు.

మూడో పాటకో నాలుగో పాటకో ఆయన బూటు ఆడటం మొదలైంది. ముందు మడమ, తరవాత మనిషంతా! నా భుజం కూడా పట్టుకుని ఊపాడు. నేనూ కొద్దిగా ఊగానని ఒప్పుకోవాలి. ఇంటిదగ్గర ఎవరికీ చెప్పలేదు.

చివరికి జేబులోంచి ఫోను తీసి ఇంటికి కలిపి, వేదిక వైపు చాచి పట్టుకున్నాడు. పాట అయ్యేదాకా అలాగే ఉంచి, అప్పుడు చెవికి ఆనించుకున్నాడు.

మరుసటి ఏడాది 2023లోనూ ఉత్సవం అక్కడే జరిగింది. 2024లో ఆగిపోయిందని విన్నప్పుడు నాకు ముందుగా ఆయనే జ్ఞాపకం వచ్చాడు. ఆ రాత్రి తిరుగు ట్రాములో, "ఏమన్నారండీ మీ ఆవిడ?" అని అడిగాను.

"బురద ఉందా? అని అడిగింది."

"మీరేం చెప్పారు?"

"ఉన్నదనే చెప్పాను" అని, తళతళలాడుతున్న బూట్లను సీటు కిందికి జరుపుకున్నాడు.