బన్ను రంగు వేటకుక్క

హంగరీ రాజధాని బుడాపెస్ట్ దాటి ఆగ్నేయంగా సాగితే కొండ అన్నదే ఉండదు. కనుచూపుమేరా గోధుమ, మొక్కజొన్న చేలే! వేటగాడు నక్కడానికి చోటు తక్కువ. ఇక్కడ కౌజుపిట్టను కొట్టాలంటే, యజమానికి దగ్గర్లోనే తిరుగుతూ, వాసన తగలగానే శిలలా నిలిచిపోయే కుక్క కావాలి. అదే విజ్లా. పక్షిని పసిగట్టడం, తుపాకీ పేలాక పడినదాన్ని నోట కరిచి తేవడం, గాయపడ్డ జంతువు జాడ పట్టడం, నీళ్లలో దూకడం... అన్నీ ఈ ఒక్కటే చేస్తుంది.

సంచార మగ్యార్ తెగల వెంట వచ్చిన కుక్కలే దీని పూర్వీకులని చెబుతారు. తర్వాత పాయింటర్ల రక్తమూ కలిసింది. 1936లో కుక్కల జాతుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ (మన ఆహార సంస్థ కాదు సుమా!) దీన్ని గుర్తించింది.

ఆ సమాఖ్య కొలతలు కచ్చితం. మగది 58 నుంచి 64 సెంటీమీటర్లు, ఆడది 54 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తుండాలి. వెంట్రుకలు పొట్టిగా, ఒత్తుగా ఉండాలి. రంగు పండిన చేనులో కలిసిపోయే బంగారు గోధుమ వన్నె. హంగరీవాళ్లు ముద్దుగా ‘బన్ను రంగు’ అంటారు. ముక్కు నల్లగా ఉంటే అనర్హతే. ఛాతీ మీద తెల్లమచ్చను మాత్రం 5 సెంటీమీటర్ల వరకూ క్షమిస్తారు.

ఇంత పట్టింపున్న జాతి రెండు ప్రపంచ యుద్ధాల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1945 ప్రాంతంలో దేశం విడిచిన కుటుంబాలు కొన్ని తమ విజ్లాలనూ వెంట తీసుకెళ్లాయి. 1950లో అమెరికా చేరిన ఈ జాతికి అక్కడి కెన్నెల్ క్లబ్ గుర్తింపు 1960లో దక్కింది.

గొలుసేసి వాకిట్లో కట్టేద్దామంటే కుదరదు. మనిషిని విడిచి ఉండలేదిది. గట్టిగా కసిరినా ముడుచుకుపోతుంది.