ఉద్దానపు తీరమున శాకాహార భోజనము

యాత్రకు బయలుదేరునప్పుడు పురుషులు రైలువేళలు చూతురు. పిల్లలు సముద్రమును తలంతురు. ఏ పూట ఎవరికి ఏమి పెట్టవలెనను చింత మాత్రము గృహిణికే మిగులును. గడచిన ఫాల్గుణమాసమున మేము శ్రీకాకుళము జిల్లా ఉత్తరభాగమున రెండుదినములు తిరిగి వచ్చితిమి. ఆ ప్రాంతమునకు పోదలచువారికి ఉపయోగపడునని మా అనుభవమును వ్రాయుచున్నాను.

మేము ఐదుగురము: మేమిద్దరము, పిల్లలిద్దరు, డెబ్బదియేండ్లు దాటిన మా అత్తగారు. ఇంటిల్లిపాదియు శాకాహారులమే. అత్తగారు చేపలు వండిన పాత్రలో వండినదానిని ముట్టరు.

ఉదయమున పలాసలో రైలు దిగితిమి. చెన్నై-హౌరా మార్గమునందలి ఈ యూరు, జంటపట్టణమైన కాశీబుగ్గతో కలిసి ఒకటే పురపాలక సంఘముగా నున్నది. జీడిపప్పునకు పలాస పేరుగన్నది. గింజలను ఉడికించి, పెంకు పగులగొట్టి, పప్పు నారబెట్టి, పైపొర నొలిచి, గుండ్లు, బద్దలు, ముక్కలుగా వేరుచేయుదురు. ఈ పనిలో స్త్రీలే అధికము. పెంకులోని జీడిరసము చేతులను పొక్కించును. అంగడిలో తెల్లని పప్పును బేరమాడునప్పుడు ఆ చేతులను తలచుకొనుట ధర్మము. కూరకును పాయసమునకును బద్దలు చాలును; అవి గుండ్లకంటె చౌక.

బజారులో భోజన హోటళ్ళు కనబడినను, విడిదిలో తినవచ్చునని సముద్రతీరమునకు సాగిపోతిమి. అదియే మేము చేసిన తప్పు. ఆ విడిది చక్కనిదే. గదినుండి అలలు కనబడుచుండెను. కాని వంటయిల్లొకటే, బాణలి యొకటే. శాకాహారమని పట్టికలో నున్నవి పన్నీరు కూరయు, వేపుడన్నమును మాత్రమే. పప్పు లేదు, చారు లేదు, మజ్జిగయు లేదు. ఆ పూట రు. 1,900 అయినది. పిల్లలు కారమునకు తాళలేక సగము విడిచిరి. అత్తగారు "నాకాకలి లేదమ్మా" అని రెండరటిపండ్లు తిని పడుకొనిరి. రాత్రియు నంతే.

ఆకలి లేదను మాట మన యిండ్లలో స్త్రీలు ఎన్నిమారులు పలికియుందురో! నడిరేయి నేను మేల్కొనునప్పటికి ఆమె నిద్రలేక కూర్చుండి యుండిరి. సముద్రము చూపింతునని తీసికొనివచ్చి, ఆమెను పస్తుంచితినని నాకు మిక్కిలి బాధ కలిగెను. ఇందు వంటవానిని నిందింపరాదు. అది మత్స్యకారుల తీరము. వారికి తెలిసిన వంట చేపలవంటయే. ముందుగా అడుగకపోవుట మా లోపము.

మఱునాడుదయమున కొబ్బరితోటలవెంట నడిచితిమి. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లతో ఆ పేరు తగియే యున్నది. ఒక తోటలో నున్న స్త్రీని పిల్లలకు మంచినీళ్ళడిగితిమి. ఆమె నూతివంక చూచి, "ఆ నీళ్ళు వద్దమ్మా, బొండాలు తాగండి" అని కొట్టి యిచ్చినది. ఆ మాటలో ఎంత దుఃఖము గలదో ఆ సీమ నెరిగినవారికి తెలియును. ఉద్దానమున ఎందరో మూత్రపిండముల వ్యాధితో బాధపడుచున్నారు. నీటిపై అనుమానము గలదు కాని కారణ మింకను నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఇందుకై ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి మంచినీటి పథకమును ప్రారంభమైనవి.

2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపానులో ఆమె తోట చాలవరకు కూలిపోయినదట. మాకు బొండాలిచ్చిన చెట్లు అటుపిమ్మట నాటినవి; ఇప్పుడిప్పుడే కాపునకు వచ్చినవి. అత్తగారి ముఖము చూచి ఆమెయే అడిగినది: "ముసలమ్మగారు తిన్నారా?" నేను సంగతి చెప్పగా నవ్వి, "ఒడ్డున ఎతికితే ఏం దొరుకుద్దమ్మా? టెక్కలి ఎల్లండి. ఆపీసులోళ్ళు తినేచోట తినండి" అన్నది. వచ్చునప్పుడొక లేతపనసకాయను చేతిలో పెట్టినది. డబ్బు పుచ్చుకొనలేదు.

ఆమె మాటలో గొప్ప యుక్తి గలదు. టెక్కలి రెవెన్యూ డివిజను కేంద్రము. ఇల్లు విడిచి ఉద్యోగమునకు వచ్చినవారు దినదినము తినవలసిన చోట వంట ఇంటివంటవలె నుండును. ధరయు వారి జీతమునకు తగినట్లే యుండును. మేము పండ్రెండు గంటలకు పోయి, కూర్చుండకముందే మూడు ప్రశ్న లడిగితిమి: ఇచ్చట మాంసము, చేపలు వండుదురా? అన్న మెప్పుడు వార్చిరి? పెరుగు ఇంటిలో తోడుపెట్టినదా? తృప్తికరముగా జవాబు వచ్చినది. ముద్దపప్పు, వంకాయకూర, చారు, గడ్డపెరుగు వడ్డించిరి. చిన్నవానికి వేరు విస్తరి అక్కరలేకపోయినది. నాలుగు భోజనములకు రు. 480. అత్తగారు పెరుగు మారడిగిరి. ఆ యాత్రలో నాకన్నింటికంటె సంతోషము కలిగించిన మాట అదియే.

అటుపిమ్మట తేలినీలాపురము పోయి, చెట్లపై గూళ్ళు కట్టుకొన్న గూడబాతులను చూచితిమి. అవి పొద్దంతయు ఎగిరి పిల్లలకు చేపలు తెచ్చిపెట్టుచుండెను. నౌపడలో ఉప్పుమళ్ళు చూచితిమి. ఆకలి తీరినవారి కన్నులకు అన్నియు అందముగానే కనబడినవి.

ఈ తీరమునకు పోవు సోదరీమణులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. విడిది సముద్రమువద్ద నున్నను, పగటి భోజనము పలాసలోనో టెక్కలిలోనో చేయుడు. సాయంకాలమునకు అక్కడనే ఇడ్లీలు కట్టించుకొనుడు. అటుకులు, బెల్లము, అరటిపండ్లు సంచిలో నుంచుకొనుడు. శుభ్రమైన త్రాగునీరు వెంట తీసికొనిపొండు. విడిదిలోనే తినవలసివచ్చినచో, వేరు గిన్నెలో పప్పన్నము వండుదురా, వెల యెంత యని ముందునాడే టెలిఫోనులో అడుగుడు.

ఇంటికి వచ్చి ఆ పనసకాయను ఆవపెట్టి కూర వండితిని. ఆ దినమున అందరితోపాటు అత్తగారికిని విస్తరి వేసి, ఆమె "ఆకలి లేదు" అనక ముందే వడ్డించితిని.