చెట్టు పోతే ఇంటికే వస్తుంది

సాలెపురుగు కనిపిస్తే మన చెయ్యి చీపురు మీదకు పోతుంది. శ్రీలంక సాలీడు కథ చదివినప్పటి నుంచీ నా చెయ్యి కాస్త ఆగుతోంది.

ఆ దేశం ఉత్తరాన మాంకుళం అనే ఊరుంది. 2009లో యుద్ధం ముగిసిన కొన్ని నెలలకు, ఊరివాళ్ళు చంపిన ఓ పెద్ద సాలీడు పరిశోధకుల చేతికొచ్చింది. కాళ్ళు చాపితే 20 సెంటీమీటర్లు, టిఫిన్ ప్లేటంత! కాళ్ళ మీద పసుపు మచ్చలు, పొట్ట చుట్టూ గులాబీ పట్టీ. అడవంతా వెతికితే ఆడవీ, పిల్లలూ కూడా దొరికాయి. ఇది కొత్త జాతి అని తేల్చి, అక్కడ తమకు తోడుగా తిరిగిన పోలీసు ఇన్‌స్పెక్టర్ పేరు కలిసేలా 2012లో పీసిలోథీరియా రాజై అని పేరు పెట్టారు.

ఇది ఉండేది ముసలి చెట్ల తొర్రల్లో. అలాంటిది ఊళ్ళో పాత ఆసుపత్రి క్వార్టర్స్‌లోనూ కనిపించింది. చెట్లు కొట్టేస్తుంటే అది మాత్రం ఎక్కడికి పోతుంది చెప్పండి?

దీని చుట్టం మన దగ్గరా ఉంది. 1899లో లోకానికి తెలిసిన గుత్తి నీలం సాలీడు. మొదట దొరికింది రైల్వే కలప యార్డులో. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో బతుకుతున్న ఆ జాతి ఇప్పుడు అంతరించిపోయే అంచున ఉంది.

ఇవి కరిస్తే నొప్పి మామూలుగా ఉండదు, కాబట్టి ముట్టుకోవద్దు. అలాగని చెప్పూ తీయొద్దు. పిల్లల్ని దూరం జరిపి, అటవీశాఖ వాళ్ళకు కబురు చేద్దాం. "చంపెయ్" అనే మాట పిల్లలు మన నోటి నుంచే కదా నేర్చుకునేది!