నది మోసెడి బరువు

వరద గోదావరి ఎఱ్ఱనీటిని చూచినప్పుడెల్ల, ఈ నది కడలి కేమి కొనిపోవుచున్నదని యోచింతును.

త్ర్యంబకము మొదలు 1465 కిలోమీటర్లు ప్రవహించి ఇది తెచ్చిన ఒండ్రుమట్టియే మన డెల్టాను నిర్మించినది. నేడు ఆ మట్టిలో చాల భాగము జలాశయములలో నిలిచిపోవుటచే తీరమున అలల కోత హెచ్చుచున్నది. పొలములలో మిగిలిన ఎరువుల నత్రజని మాత్రము నీట కరిగి కడలి చేరుచున్నది. అది మితిమీరినచో నాచు విరివిగా పెరిగి, చచ్చి క్రుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరించును, చేపలకు ఊపిరాడదు.

వాన, నేలవాలు, పంట, ఎరువు అను వీని కొలతలతో శాస్త్రజ్ఞులు గణిత నమూనాలు కూర్చి, ఏ వాగు ఎంత మట్టిని, ఎంత నత్రజనిని తెచ్చునో లెక్కింతురు. నదిలో కొలిచిన అంకెలతో సరిచూతురు. ఎచ్చట ఎరువు తగ్గింపవలెనో, ఏ గట్టున చెట్లు పెంపవలెనో ఆ లెక్క చెప్పును.

బాలలారా! చేనిలో అధికముగా చల్లిన గుప్పెడెరువు చేనితో ముగియదు. జాలరి వలలో దాని ఫలము కానవచ్చును.