అత్తయ్యగారూ, భానుమతిగారూ, నేనూ

ఆదివారం వస్తే మా కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడికొచ్చే జనంతో వీధంతా సందడే. మొన్న ఆ సందడి తగ్గాక అత్తయ్యగారు పెరట్లో కొరమేనుకి బూడిద పట్టించి తోముతుంటే, పక్కన కూర్చుని భానుమతిగారి ‘అత్తగారి కథలు’ చదివి వినిపించాను. ఆవిడ పడీపడీ నవ్వి, “ఇదంతా నన్ను చూసి రాసినట్టుందే!” అన్నారు.

నాకు భానుమతిగారంటే చెప్పలేనంత అభిమానం. 1939లో ‘వరవిక్రయం’తో వచ్చారు. తన పాటలు తనే పాడుకున్నారు. భర్త రామకృష్ణారావుగారితో కలిసి భరణీ పిక్చర్స్ పెట్టారు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ తనే డైరెక్ట్ చేశారు. ‘చక్రపాణి’కి సంగీతం కట్టారు. ఇన్ని చేసిన మనిషి, పెళ్ళయ్యాక సినిమాలు మానేద్దామనుకున్నారట! 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’ ఆవిణ్ణి మళ్ళీ లాక్కొచ్చింది.

ఇదంతా అత్తయ్యగారికి చెప్తుంటే నా గొంతు పట్టేసింది. పెళ్ళికి ముందు నేనూ ఆరేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. ఇక్కడికొచ్చాక పిల్లలకి జోలపాటలు తప్ప పాడింది లేదు.

ఆవిడ చెయ్యి ఆపి, “నువ్వెందుకు మానేశావమ్మా? నేనేమన్నా వద్దన్నానా?” అన్నారు.

“పాడమనీ అనలేదుగా అత్తయ్యా.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “అయితే ఇప్పుడంటున్నా, పాడు” అన్నారు.

పాడాను. శ్రుతి తప్పింది, ఊపిరి చాల్లేదు. పొయ్యిమీద అన్నం కూడా అడుగంటింది. ఆవేళ ఇంట్లో ఎవరూ పేరు పెట్టకుండా తిన్నారు.

మీరూ ఏ విద్యనైనా ఇలా అటకెక్కించారా?